మార్జిన్‌లో ఎర్ర సిరా

1938 సెప్టెంబర్ 4, ఆదివారం

ఈ రోజు గుడిలో నన్ను కొట్టారు.

ఆరాధన అయ్యాక అంగీల గదిలో నల్ల అంగీ విప్పుకుంటున్నాను. తల బయటికి వచ్చింది, చేతులు రెండూ ఇంకా లోపలే ఇరుక్కుని ఉన్నాయి. సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని ముగ్గురు వచ్చారు. నాజీ దళం గోధుమరంగు చొక్కాలు. ముందున్నవాడు రూడీ థీల్, రైల్వే సిగ్నల్ క్యాబిన్‌లో పనిచేస్తాడు. పద్నాలుగేళ్ళ కిందట వాడి పెళ్ళి చేసింది నేనే. వాడి ఇద్దరు కూతుళ్ళకు బాప్తిస్మం ఇచ్చింది నేనే. యూదుడి నోటితో దేవుడి మాట వినాల్సిన ఖర్మ జర్మన్లకు ఇంకెన్నాళ్ళు అంటూ మూతి మీద గుద్దాడు. కింది పన్ను ఒకటి ఊడింది. రెండో దెబ్బ పొట్టలో పడింది. మూడోది ఎవడిదో చూడలేదు, అంగీ ముఖం మీద పడిపోయింది.

చేతులు ఖాళీగా ఉంటే నేనూ కొట్టేవాణ్ణి. రాయడానికి సిగ్గేమీ లేదు. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా నా కోపం ముసలిది కాలేదు. యుద్ధంలో సైనికులకు పాస్టరుగా ఉన్నప్పుడు, చచ్చినవాడి జేబులు వెతుకుతున్న ఒక లెఫ్టినెంట్ దవడ పగలగొట్టాను. యూనివర్సిటీలో పాఠం చెప్పే రోజుల్లో, పెర్లిట్జ్ గారి క్లాసులో వెనక బెంచీ క్షేమం అని నా విద్యార్థులు చెప్పుకునేవాళ్ళు.

నా భార్య హెడ్విగ్ ఆ పన్ను వెతికి తెచ్చి చేతిరుమాలులో కట్టింది. ప్రసంగం నలభై నిమిషాలు సాగదీస్తే ఎవరికైనా కొట్టాలనే అనిపిస్తుంది లుడ్విగ్, అంది. తర్వాత వంటగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఏడ్చింది.

సెప్టెంబర్ 5

పన్ను లేని చోటికే నాలుక పోతోంది. రోజంతా.

సెప్టెంబర్ 8, గురువారం

సూపరింటెండెంట్ డెట్లెఫ్సెన్ దగ్గర్నుంచి ఉత్తరం. ఈ జిల్లా సంఘాలన్నిటికీ ఇప్పుడు ఆయనే పెద్ద. ఒకప్పుడు నా క్లాసులో మొదటి బెంచీ. బాప్తిస్మ పుస్తకాలన్నీ నవంబర్ ఏడో తేదీ లోపల వంశశోధన ఆఫీసుకు అప్పగించాలట. వాళ్ళు ఒక్కో పేరుకీ ఒక్కో కార్డు రాసుకుంటారట.

మూడేళ్ళుగా మా నడవాలో క్యూ తగ్గడం లేదు. ప్రభురాత్రి భోజనానికి రానివాళ్ళు కూడా, వంశంలో యూదు రక్తం లేదని చూపించుకోవడానికి, అమ్మమ్మ బాప్తిస్మం సర్టిఫికెట్ కోసం వస్తున్నారు. ఉద్యోగానికి అమ్మమ్మ, పెళ్ళికి అమ్మమ్మ, పార్టీలో చేరడానికి అమ్మమ్మ. నకళ్ళు రాసిచ్చేది గుడి పనివాడు కాస్పర్. గంట కొట్టేదీ, సమాధులు తవ్వేదీ అతనే.

ఇక నా తప్పు రాయాలి. చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు.

నేను పుట్టింది లాజర్‌గా. నాన్న పోజెన్ పట్నంలో యూదుల సమాజమందిరంలో పాటలు పాడి ప్రార్థన నడిపించేవాడు. ఇరవై రెండో ఏట నేను బాప్తిస్మం తీసుకున్నాను. ఆ రోజు నాన్న కోటు కాలరు చింపుకుని, ఇంట్లో అద్దాలకు గుడ్డలు కప్పి, ఏడు రోజులు నేల మీద కూర్చున్నాడు. కొడుకు చచ్చిపోతే అలాగే కూర్చుంటారు. ఆ తర్వాత నేను ఉత్తరం రాస్తే, ఈ ఇంట్లో లాజర్ అనేవాడు చనిపోయాడని పక్కింటావిడ చేత జవాబు రాయించాడు.

నేను నాలుగు లావుపాటి పుస్తకాలు రాశాను. నాలుగింటిలోనూ ఉన్నది ఒకటే మాట. ఇశ్రాయేలు, అంటే యూదులు, చెట్టుకి వేరు, మిగతావాళ్ళు ఆ వేరుకి అంటుకట్టిన కొమ్మలు. ఆ వేరు నుంచి ఒక్కడు వచ్చినా సంఘానికి అది గౌరవం. ఎవరూ వినలేదు. సరే, పుస్తకంలో వినకపోతే గుడిలో చేసి చూపిస్తాననుకున్నాను. 1919 నుంచి 1934 దాకా ఈ గుడిలో యూదుల ఇళ్ళ నుంచి వచ్చిన ప్రతి ఒక్కరి పేరు పక్కనా, బాప్తిస్మ పుస్తకం మార్జిన్‌లో, ఎర్ర సిరాతో "వేరు నుంచి వచ్చినవారు" అని రాశాను. వాళ్ళ పిల్లల పేర్ల పక్కన కూడా. మంచి చేతిరాతతో. కింద గీత గీసి. రాయమని ఏ చట్టమూ చెప్పలేదు. మెడలో పతకం వేసినట్టు రాశాను.

మొత్తం ఇరవై మూడు మంది. ఎక్కువమంది యుద్ధం తర్వాత పోజెన్ పోలండ్‌లో కలిసినప్పుడు ఒక్క పెట్టెతో ఇటు వచ్చినవాళ్ళు. వాళ్ళ కాగితాలన్నీ అవతలే ఉండిపోయాయి. వాళ్ళు ఎవరో చెప్పే సాక్ష్యం ఈ దేశంలో నా ఎర్ర సిరా ఒక్కటే.

అందులో గ్రేటె థీల్ ఒకతె. రూడీ భార్య. వాడికి తెలీదు.

సెప్టెంబర్ 9

గ్రేటె వచ్చింది. నీలం ప్లమ్ పళ్ళు పరిచి కాల్చిన రొట్టె తెచ్చింది. నా మూతి చూసి ఆ పళ్ళెం ఎక్కడ పెట్టాలో తెలీక చేతిలోనే పట్టుకుని నిలబడింది. చివరికి హెడ్విగ్ అందుకుంది.

రూడీకి ప్రమోషన్ వస్తుందట, దళనాయకుడు అవుతాడట. భార్య కాగితాలు కూడా చూపించమన్నారట. కాస్పర్ రాసిచ్చిన నకలుతో ఇప్పటిదాకా గడిచింది, ఎందుకంటే కాస్పర్ మార్జిన్ రాయడు. అడిగితే ఫారంలో గడులు నాలుగే ఉన్నాయి, ఐదోది మీ తాత గీశాడా అంటాడు. కానీ అసలు పుస్తకమే ఆఫీసుకు పోతే?

ఆ రోజు మీరు రాసి నాకు చూపించారు పాస్టరుగారూ, అంది. ఇది నీ కిరీటం అమ్మాయ్ అన్నారు, నేను సంతోషంతో ఏడ్చాను, ఇప్పుడు దాన్ని తీసెయ్యండి, నాకోసం కాదు, పిల్లల కోసం, అంది. రూడీకి తెలిస్తే ఏం చేస్తాడని అడిగాను. నన్ను కాల్చేస్తాడో తనను కాల్చుకుంటాడో, ముందెవరినన్నదే తెలీదు, అంది. ఆయన చెడ్డవాడు కాదండీ అని కూడా అంది. అన్నాక నా ఊడిన పన్ను చోటు చూసి, నాతో మంచిగానే ఉంటాడు అని సర్దుకుంది.

రొట్టె బాగుంది. ఎడమ పక్కతో నమిలాను.

సెప్టెంబర్ 17

గడ్డం గీసుకునే బ్లేడుతో గీకి చూశాను. గ్రేటె పేరు పక్కన, 1921వ సంవత్సరం పేజీ. ఎరుపు పోయింది గానీ గీకిన చోటు గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. సిరా అవతలి వైపుకి దిగింది. అక్కడ పిండిమర వాళ్ళ కవలల పేర్లున్నాయి. ఇంకాస్త గీకితే వాళ్ళకి చిల్లు పడుతుంది. ఆపేశాను.

పొయ్యిలో పడెయ్, అంది హెడ్విగ్.

పాస్టరైన రోజు ఈ పుస్తకాలను ఉన్నవి ఉన్నట్టు కాపాడతానని ప్రమాణం చేశాను. కొన్ని వందల మంది పేర్లున్నాయి. మా మార్టిన్ పేరు కూడా ఉంది. 1920లో నా చేత్తోనే రాశాను, పక్కన ఎరుపుతో సహా. ఆరేళ్ళకే గొంతువాపుతో పోయాడు. వాడి ఫోటో కూడా సరైంది ఒకటి లేదు.

ఈ మాటే చెప్పాను. మార్టిన్‌ని ఇప్పుడెవరూ ఏమీ చెయ్యలేరు, గ్రేటె పిల్లల్ని చెయ్యగలరు, పడెయ్, అంది. నేను పొయ్యి తలుపు తెరిచి పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. చెయ్యి కదల్లేదు. బొగ్గు దండగ అని ఆమే తలుపు మూసింది.

అక్టోబర్ 2, ఆదివారం

డెట్లెఫ్సెన్ భోజనానికి వచ్చాడు. ప్రొఫెసర్ గారూ, మీ పుస్తకాలు చదివే నేను పాస్టరునయ్యాను, అన్నాడు. కాలం మారింది, పట్టూ విడుపూ ఉండాలి, మిమ్మల్ని 1935లో యూనివర్సిటీ నుంచి తీసేసినా ఈ గుడిలో ఉండనిచ్చామంటే ఎవరి పుణ్యం అనుకున్నారు, అన్నాడు. అంతవరకూ భరించాను. తర్వాత సూపు చప్పరిస్తూ, మీ ఎర్ర సిరా మార్జిన్‌లు నాకు బాగా గుర్తు, క్లాసులో ఎంత గర్వంగా చెప్పేవారో, ఆఫీసు వాళ్ళకి సగం పని తప్పుతుంది, అన్నాడు.

నా చెయ్యి నాకంటే ముందు లేచింది. కళ్ళజోడు ఎగిరి క్యాబేజీ సూపులో పడింది. లేచి ఇంకోటి వేశాను. మూడోది హెడ్విగ్ ఆపింది, లేకపోతే నాలుగోదీ ఉండేది. అతను ఎదురు తిరగలేదు. చెంప మీద అయిదు వేళ్ళూ తేలాయి. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మీరు మారలేదు సార్, అన్నాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. దెబ్బ వల్లనో, మరి దేనివల్లనో.

కొట్టినందుకు నాకు బాగుంది. బాగుండటమే బాగాలేదు.

అక్టోబర్ 5

సస్పెండ్ చేశారు. గుడిలో ప్రసంగం లేదు, పెళ్ళి లేదు, సమాధి ప్రార్థన లేదు. హెడ్విగ్ అంది: రెండు చెంపదెబ్బలకు ఇరవై మూడు మందిని ధరగా పెట్టావు.

అక్టోబర్ 23, ఆదివారం

ఇవాళ నా గుడిలో నేనే చివరి వరసలో కూర్చున్నాను. ప్రసంగం వినలేదు. నాన్న గుర్తొచ్చాడు.

నాకప్పుడు ఏడేళ్ళు. సమాజమందిరంలో పాతబడి చిరిగిపోయిన ప్రార్థన పుస్తకాలన్నీ ఒక మట్టికుండలో పెట్టి, శ్మశానానికి మోసుకెళ్ళి, మనిషిని పాతినట్టు పాతిపెట్టారు. పొయ్యిలో వెయ్యొచ్చుగా అని నేను అడిగితే నాన్న నా చెవి మెలేశాడు. దేవుడి పేరున్న పుస్తకాన్ని కాల్చకూడదు, చింపకూడదు, పారెయ్యకూడదు. మరేం చెయ్యాలి? చచ్చిపోయినవాళ్ళకి ఏం చేస్తాం, అదే చెయ్యాలి, అన్నాడు.

యాభై ఏళ్ళు తిరిగి నాన్న జవాబు అందింది. నన్ను చచ్చినవాడి కింద జమకట్టిన మనిషి దగ్గర్నుంచి. గుడిలోనే ఏడుపొచ్చింది. పక్కనున్నావిడ తన చేతిరుమాలు ఇచ్చింది.

ఆరాధన అయ్యాక కాస్పర్‌ని పిలిచి పుస్తకం చేతిలో పెట్టాను. కాల్చకు, చింపకు, పాతిపెట్టు, ఎక్కడో నాకు మాత్రం చెప్పకు, అడిగితే నేను దాచలేను, అన్నాను. మీరు అబద్ధం ఆడలేరని ఊరంతా తెలుసు పాస్టరుగారూ, మీతో వచ్చిన చిక్కే అది, అన్నాడు. నూనెగుడ్డలో చుట్టి, గోధుమల బస్తాలా భుజాన వేసుకుని పోయాడు.

నవంబర్ 2, బుధవారం

ముసలావిడ నాగెల్ గారి సమాధి జరిగింది. నేను సస్పెన్షన్‌లో ఉన్నాను కాబట్టి డెట్లెఫ్సెన్ స్వయంగా వచ్చి ప్రార్థన చేశాడు. నేను జనంలో వెనక నిలబడ్డాను. గొయ్యి మామూలు కంటే జానెడు లోతుగా ఉంది. అడుగున మట్టి కొత్తగా తొక్కినట్టు ఉంది. కాస్పర్ నా వైపు చూడలేదు.

పంతొమ్మిదేళ్ళు మూడో వరసలో కూర్చుని నా ప్రతి ప్రసంగంలోనూ నిద్రపోయింది నాగెల్ గారు. ఇప్పుడు దేని మీద నిద్రపోతోందో నాకు తెలీదు. తెలీదు అనే రాస్తున్నాను.

నవంబర్ 7, సోమవారం

వచ్చారు. డెట్లెఫ్సెన్, ఆఫీసు మనిషి ఒకడు, వెనక రూడీ థీల్. అంగీల గదిలో ఓక్ చెక్క పెట్టె తెరిచారు. మిగతా పుస్తకాలన్నీ ఉన్నాయి, అదొక్కటే లేదు. ఎక్కడ అన్నారు. తెలీదన్నాను. ఆఫీసు మనిషి నవ్వాడు. డెట్లెఫ్సెన్ మాత్రం నా ముఖంలోకి చూసి, ఈయన తెలీదన్నాడంటే తెలీదనే, ఈయనకి అబద్ధం రాదు, అన్నాడు.

రూడీ పోతూ పోతూ భుజంతో గుద్దాడు. మనలో కలిసిపోయి మన రొట్టె తింటున్న దొంగ యూదులందరి పేర్లూ అందులో ఉన్నాయటగా, నీ నోటితోనే చెప్పిస్తాను చూడు, అన్నాడు.

సాయంత్రం అయ్యేసరికి మా ఇంటి ముందుగది కిటికీ అద్దాలన్నీ పగిలిపోయాయి. హెడ్విగ్ చీపురుతో గాజు ఊడుస్తూ, చలికాలంలోనే గుర్తొస్తుంది వీళ్ళకి, అంది.

నవంబర్ 13, ఆదివారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడి కెలికినట్టుంది. పెన్ను ఎడమ చేతికి లొంగడం లేదు, పేపర్లు దిద్దే పెన్సిల్ దొరికింది.

గురువారం పొద్దున పది గంటలకు పొగ కనిపించింది. నదివీధిలో యూదుల సమాజమందిరం. కోటు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. ఈ ఊరికి వచ్చి పంతొమ్మిదేళ్ళయినా ఆ గుమ్మం ఎప్పుడూ ఎక్కలేదు. మరి ఎందుకు పరిగెత్తానో అడిగితే చెప్పలేను. ఫైరింజను వచ్చి నిలబడే ఉంది. గొట్టాలు పక్కిళ్ళ కప్పులు మాత్రం తడుపుతున్నాయి. ధర్మశాస్త్రం రాసిన పార్చ్‌మెంట్ చుట్టలు వీధిలో పరిచి పిల్లల చేత తొక్కిస్తున్నారు. బూట్ల అంగడి ముసలాయన్ని గడ్డం పట్టుకుని మెట్ల మీదుగా ఈడ్చారు. ఆయన తల ప్రతి మెట్టుకీ కొట్టుకుంది. ఆ చప్పుడు ఇంకా వినిపిస్తోంది.

నేను వెళ్ళి ఒకణ్ణి మెడ పట్టుకుని లాగాను. పాస్టరుగారూ మీరు పక్కకి జరగండి అన్నాడు వాడు, మర్యాదగానే. అంతలో రూడీ కేక వేశాడు: ఒరేయ్, వీడూ వాళ్ళవాడే.

జుట్టు పట్టుకుని అంగీల గదిదాకా లాక్కొచ్చారు. నలుగురు. దారి పొడుగునా జనం. నేను బాప్తిస్మం ఇచ్చినవాళ్ళు, నేను పెళ్ళిళ్ళు చేసినవాళ్ళు. ఒకావిడ బుట్ట కింద పెట్టి నా మీద ఉమ్మి మళ్ళీ బుట్ట ఎత్తుకుంది.

బెల్టుతో కొట్టారు. బూటుతో పక్కటెముకలు తన్నారు. పుస్తకం ఎక్కడ? తెలీదు. పేర్లు చెప్పు. చెప్పను. రూడీ నా కుడిచెయ్యి పట్టుకుని ఆ ఓక్ పెట్టె అంచు మీద పెట్టాడు. రాసింది ఈ చెయ్యేగా, అన్నాడు. మూత రెండు చేతులతో ఎత్తి దబ్బున వేశాడు. ఇనపపట్టీ ఉన్న మూత అది. ఎముకలు విరిగిన చప్పుడు ముందు వినిపించింది, నొప్పి తర్వాత వచ్చింది. మళ్ళీ ఎత్తాడు. ఒక్కొక్క దెబ్బకి ఒక్కొక్క పేరు చెప్పు అన్నాడు.

అప్పుడు నా నోట్లో ఒక పేరు ఉంది. నేను దేవుడి ముందు ఒప్పుకుంటున్నాను, అది నాలుక కొసదాకా వచ్చింది. భయం వల్ల కాదు. కోపం వల్ల. ఒక్క మాట చాలు. ఇంటికి పోయి నీ పెళ్ళాన్ని అడగరా అంటే చాలు. ఆ ముఖం ఎలా మారుతుందో నాకు కనిపించింది. వాడి జీవితం మొత్తం నా నోట్లో ఉంది. యాభై ఎనిమిదేళ్ళలో దేన్నీ అంతగా కోరుకోలేదు. నాన్న క్షమాపణ కూడా అంతగా కోరుకోలేదు.

నాలుక మీద పళ్ళు పెట్టి కొరికాను. రక్తం గడ్డం మీదికి కారింది. వాడు మూడోసారి మూత వేశాడు. తర్వాత నాకేమీ తెలీదు.

మిగతాది కాస్పర్ చెప్పాడు. నేను పడిపోయాక కూడా తన్నుతూనే ఉన్నారట. కాస్పర్ తలుపు దగ్గరికి వచ్చి చూసి, టోపీ తీసి, గంటగోపురం ఎక్కాడు. చావుగంట కొట్టాడు. మా ఊళ్ళో మగవాడు పోతే మూడు మూళ్ళ తొమ్మిది దెబ్బలు, ఆ తర్వాత వయసులో ఏడాదికొక దెబ్బ. ఎవరు పోయినా, కొట్టు మూసేవాడూ బండి తోలేవాడూ ఆగి లెక్కపెడతారు. పుట్టినప్పటి నుంచి అలవాటు. గంట వినపడగానే నన్ను తన్నుతున్న కాళ్ళు ఆగాయట. రూడీ టోపీ తీశాడట. ఎందుకు తీశాడో వాడికీ తెలిసి ఉండదు. యాభై ఎనిమిదో దెబ్బ పడేసరికి గది ఖాళీ. కాస్పర్ నన్ను ఇంటికి మోసుకొచ్చి మేడ మీద పడుకోబెట్టాడు; ఊరంతా నేను పోయాననే అనుకుంటోంది.

బతికుండగానే నాకు చావుగంట ఎలా కొట్టావయ్యా అని సైగ చేసి అడిగాను. నాక్కూడా మీరు పోయారనే అనిపించింది పాస్టరుగారూ, కాబట్టి అది సగమే అబద్ధం, అన్నాడు కాస్పర్.

నేను చచ్చిపోవడం ఇది రెండోసారి. మొదటిసారి నాన్న ఏడు రోజులు కూర్చున్నాడు.

నవంబర్ 14

శనివారం డెట్లెఫ్సెన్, నేను పోయాననుకుని, పరామర్శకు వచ్చాడు. చేతిలో తెల్ల చామంతులు. హెడ్విగ్ అడ్డం పడేలోపలే పైకి ఎక్కేశాడు. హెడ్విగ్ పక్కన పెట్టి వెళ్ళిన సూపు నేను ఎడమ చేత్తో తాగుతున్నాను. ఆ పూలు ఎవరికివ్వాలో తెలీక కుర్చీ మీద పెట్టి దాని పక్కనే కూర్చున్నాడు. కట్టు కట్టిన నా చేతిని చూశాడు. తనను కొట్టిన చెయ్యి అదే.

పోలీసులకు ఇరవై ఒకటో తేదీ సోమవారం లోపల నా మరణ ధ్రువపత్రం ఇవ్వాలట. లేదంటే వాళ్ళే వస్తారట. ఇల్లు అంగుళం అంగుళం వెతుకుతారట. లేస్తూ, మృతుల ఆదివారం దాకా నేను మిమ్మల్ని చూడలేదు సార్, అన్నాడు. పూలు వదిలేసి పోయాడు.

నవంబర్ 16, బుధవారం

పశ్చాత్తాప దినం. నా సమాధి మీద పెట్టడానికి గ్రేటె ఫర్ చెట్టు కొమ్మల దండ కట్టుకుని వచ్చింది. నేను కళ్ళు తెరిచి ఉండటం చూసి దండతో సహా నేల మీద కూలబడింది.

రూడీ గురువారం మధ్యాహ్నం ఇంటికొచ్చి చొక్కా విప్పి ఇచ్చాడట. ఉతకమన్నాడట. ఎవరి రక్తమని నేను అడగలేదు, ఆయనే చెప్పాడు, అంది. చన్నీళ్ళలో ఉప్పేసి నానబెట్టాను, పోలేదు, మళ్ళీ నానబెట్టాను, ఇస్త్రీ చేసి ఇచ్చాను పాస్టరుగారూ, మీ రక్తం ఉతికి, మడతపెట్టి, ఆయనకే ఇచ్చాను, అంది. ఆ ముసలోడు రాయిలా నోరు తెరవకుండానే చచ్చాడని చెప్పాడట. చెప్పి అన్నం ముందు కూర్చుని తినలేకపోయాడట. పిల్లలు నాన్నకి ఏమైందని అడిగితే తలనొప్పి అని చెప్పిందట.

నా పేరు చెప్పారా, అని అడిగింది. నాలుక వాచి మాట రాదు నాకు. తల అడ్డంగా ఊపాను. ఆమె వంగి నా కట్టు మీద ముద్దు పెట్టింది. నొప్పి పుట్టింది, చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

రూడీ మీద జాలి పడాలని ప్రయత్నించాను. పావుగంట ప్రయత్నించాను. కుదరలేదు. దేవుడు చూసుకుంటాడు.

నవంబర్ 19

హెడ్విగ్ నేను రాస్తున్న ఈ డైరీ చూసింది. ముప్పై రెండేళ్ళ కాపురంలో నేను రాసింది ఎప్పుడూ చదవలేదు. ఇవాళ పరుపు కింద దొరికితే నిలబడే చదివింది, మొదటి పేజీ నుంచి చివరిదాకా. నేను ఆమె ముఖం చూస్తూ పడుకున్నాను.

మూసి, దాంతోనే నా తల మీద కొట్టింది. కట్లున్నాయని చూడలేదు. రెండోసారి, మూడోసారి. పాతిపెట్టిన పుస్తకానికి మళ్ళీ నకలు రాశావు, అంది. గ్రేటె పేరు, పిల్లల సంగతి, కాస్పర్ సంగతి, నాగెల్ గారి గొయ్యి, అన్నీ తేదీలతో సహా. నాలుక కొరుక్కున్నావు గానీ ఈ చెయ్యి ఆగలేదా, ఒకటి విరగ్గొడితే రెండోదానితో రాశావు, అంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు, రాత జారితే ఏమవుతుందో నీకు ఇంకా తెలీలేదా లుడ్విగ్, అంది.

తర్వాత చివరి పేజీలు నా కళ్ళ ముందు పట్టుకుంది. చూడు, అంది.

పేపర్లు దిద్దే పెన్సిల్. ఎర్రది. నేను గమనించనే లేదు.

నవంబర్ 20, మృతుల ఆదివారం

ఈ ఏడాది పోయినవాళ్ళ పేర్లు గుడిలో చదివారు. కిటికీ తెరిచి పెట్టింది హెడ్విగ్. ఒక్కో పేరుకీ ఒక్కో గంట. నాగెల్ గారి తర్వాత డెట్లెఫ్సెన్ నా పేరు చదివాడు. గంట మోగింది. నేను చచ్చిపోవడం ఇది మూడోసారి.

రేపు పోలీసులు వస్తారు. అడుగుతారు. నేను అబద్ధం ఆడను.

ఇక ఏ పేరూ రాయను. ఈ డైరీ పెట్టడానికి కాస్పర్ మట్టికుండ తెచ్చాడు. కింద పార పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడ అని అడగను.